కొత్త డీకన్లకు: అడగని ఇంటికి ఎట్లా పోవాలి

మా చర్చి సంఘంలో ఈసారి నలుగురు కొత్త డీకన్లు, అంటే బీదల పని, గుడి పని చూసే పరిచారకులు, ఎన్నికయ్యారు. వాళ్ళలో ఇద్దరు ముప్ఫై ఏళ్ళు నిండని పిల్లలు. మొన్న ఆరాధన అయ్యాక ఒకతను నా దగ్గరికి వచ్చి, "అంకుల్, కానుక సంచి పట్టుడు, ప్రభు బల్ల సర్దుడు తెలుసు. ఈ బీదల పని ఎట్లా చెయ్యాల్నో ఎవ్వరూ చెప్తలేరు" అన్నాడు. నేను కాజీపేట లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషిని. పంతొమ్మిదేళ్ళ నుంచి డీకన్ని. షెడ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు పక్కన నిలబెట్టుకుని పని చూపించేవాళ్ళం. అట్లాగే ఆ అబ్బాయికి చెప్పాల్సినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా బైబిలులో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మళ్ళీ చదవండి. ఈసారి పేర్లు చూస్తూ చదవండి. యెరూషలేము సంఘంలో రోజూ భోజనం పంచేటప్పుడు గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలైంది. అప్పుడు ఏర్పరచుకున్న ఏడుగురు స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరికి అందలేదో వాళ్ళ వైపు మనుషుల చేతికే పంపకం అప్పజెప్పారని నేను అర్థం చేసుకున్నాను. అందుకే ఎన్నికలప్పుడు ప్రతిసారీ పట్టుబడతాను: డీకన్లందరూ నౌకరీ ఉన్నవాళ్ళే కావద్దు. కైకిలికి, అంటే కూలికి, పోయే ఇంటి నుంచి ఒకరుండాలి. ఆడవాళ్ళు తప్పకుండా ఉండాలి. రోమా పత్రిక పదహారో అధ్యాయం మొదటి వచనంలోనే కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే ఉంది కదా.

చూపు

కష్టంలో ఉన్న మనిషి వెంటనే గుడికి రావడం మానడు. వచ్చే తీరు మారుతుంది. మొదటి పాటకే వచ్చి కూర్చునేవాళ్ళు కానుకల పాట అయిపోయాక వస్తారు, సంచి ముందుకు వస్తే వేయడానికి ఏమీ లేదని. ముగింపు ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడే లేచి వెళ్ళిపోతారు, బయట చెట్టు కింద "ఏం సంగతి, మంచిగున్నరా" అని ఎవరూ అడగకుండా. ఇంజను ఆగిపోయాక ఎవరైనా చూస్తారు. చప్పుడు మారినప్పుడు పట్టుకునేవాడే ఫిట్టరు.

కొన్ని మగవాళ్ళకు కనబడవు. ఒక అక్క చెవులకు కమ్మలు లేకుండా వరసగా రెండు వారాలు వచ్చిందంటే అవి ఎక్కడో కుదవ ఉన్నట్టే. మాలో ఇది మొదట పట్టుకునేది ఆడ డీకన్లే. సండే స్కూల్ టీచర్లను కూడా అడుగుతుండండి. బిస్కెట్ పొట్లం పంచినప్పుడు "చెల్లెకు ఇంకొకటి" అని అడిగే పిల్లవాడికి ఇంట్లో చెల్లెలు ఉందో లేదో వాళ్ళకే తెలుస్తుంది.

ఇంటికి పోవుడు

ఒక్కరే పోవద్దు, ఇద్దరు పోవాలి. ఆడమనిషి ఒక్కతే ఉన్న ఇంటికైతే ఆ ఇద్దరిలో ఒకరు ఆడవాళ్ళయి ఉండాలి. ముగ్గురికి మించితే అది పలకరింపు కాదు, వాడంతా చూసే ఊరేగింపు.

టైం చూసుకోవాలి. మా చుట్టుపక్కల పత్తి ఏరే రోజుల్లో, ఆ తర్వాత మిర్చి ఏరే రోజుల్లో కైకిలికి పోయేవాళ్ళు పొద్దుగాలే ఆటోలో కూర్చుని పోతారు, మళ్ళీ చీకటిపడే వేళకు ఇల్లు చేరుతారు. పదకొండు గంటలకు పోయి "ఇంట్లో లేరు" అని రాసుకుని వస్తే ఏం లాభం? మాపటేల ఏడు దాటాక పోండి. మిర్చి ఏరి వచ్చిన ఆమె చేతులు మండుతుంటాయి. కాళ్ళు చేతులు కడుక్కునేదాకా బయట కూర్చోండి.

నీళ్ళిస్తే తాగండి. చాయ్ పెడతానంటే వద్దనకండి. ఇంట్లో చక్కెర లేదేమోనని మొహమాటపడి నేను చాలా ఇళ్ళల్లో వద్దనేవాణ్ణి. ఒక అవ్వ అన్నది: "మీరు మా ఇంట్ల చాయ్ తాగకపోతే, మీరు తెచ్చిన బియ్యం మేమెట్ల తినాలె అయ్యా?" అప్పటినుంచి చక్కెర లేని చాయ్ అయినా తాగుతాను.

"ఏమన్నా కావాల్నా?" అని ఎన్నడూ అడగకండి. "ఏం వద్దు, దేవుని దయ" అనే జవాబే వస్తుంది. చిన్న చిన్న సంగతులు అడగండి. గ్యాస్ బండ ఎప్పుడు తెచ్చుకున్నారు? కిరాణం దుకాణంలో ఖాతా ఎంతైంది? బీపీ గోళీలు రోజూ వేస్తున్నారా, రోజు విడిచి రోజా? ఈ చివరిది తప్పకుండా అడగాలి. పైసలు తక్కువైతే ముసలివాళ్ళు మొదట సగం చేసేది గోళీలనే, ఆ సంగతి కొడుకుకు కూడా చెప్పరు. వాళ్ళ ముందు నోటుబుక్కు తీయొద్దు. బయటికి వచ్చి, వీధి మలుపు తిరిగాక రాసుకోండి.

ఏమిచ్చుడు

మా స్త్రీల సమాజం వాళ్ళు పిడికెడు బియ్యం పడతారు. వండే ప్రతిసారీ ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసి ఆదివారం తెచ్చి గుడిలో పోస్తారు. ఎంతో భక్తి గల పని. కానీ దాన్ని అట్లాగే సంచిలో పోసి బీదింటికి ఇస్తే ఏమవుతుందో చూడండి. నలభై ఇళ్ళ బియ్యం అది. సన్నవి, దొడ్డువి, పాతవి, కొత్తవి అన్నీ కలిసి ఉంటాయి. పొయ్యి మీద పెడితే కొన్ని మెత్తబడి ముద్దవుతాయి, కొన్ని పలుకు మీదే ఉంటాయి. ఆ అన్నం తినేటప్పుడు ముద్ద ముద్దకూ ఇది అడుక్కొచ్చిన బియ్యం అని గుర్తుకొస్తుంది. అందుకే మేము దాన్ని ఆదివారమే వేలం పాట పెట్టి అమ్ముతాం. ఇంట్లో కోళ్ళు ఉన్నవాళ్ళు, పిండి పట్టించుకునేవాళ్ళు మంచి ధరకే పాడతారు. వచ్చిన పైసలతో కొనే సరుకు వేరు.

పైగా ఇప్పుడు చాలా ఇళ్ళల్లో లేనిది బియ్యం కాదు. రేషన్ కార్డు ఉంటే మనిషికి నెలకు 6 కిలోలు వస్తున్నాయి, 2025 నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. లేనిది మంచినూనె, కందిపప్పు, గ్యాస్, గోళీలు, పిల్లల ఆటో కిరాయి. ఇరవై ఐదు కిలోల బస్తా భుజాన వేసుకుని పోతే ఇచ్చిన మనకు నిండుగా ఉంటుంది, పుచ్చుకున్న ఇంట్లో మాత్రం కూరకు నూనె ఉండదు. రేషన్ కార్డే లేని ఇల్లయితే మొదట ఆ కార్డు పని చూడండి.

పైసలు ఇవ్వాల్సి వస్తే ఎక్కడ బాకీ ఉందో అక్కడే కట్టడం నాకు మంచిగా అనిపిస్తుంది: కిరాణం ఖాతా, స్కూల్ ఫీజు, మందుల దుకాణం. ఇంట్లో తాగే మనిషి ఉంటే ఇంకా జాగ్రత్త. అతని మీద కోపంతో పిల్లలను ఎండబెట్టొద్దు. సరుకు రూపంలో, ఇంటామె చేతికి ఇవ్వండి.

అప్పు మాత్రం ఇవ్వకండి. ఇస్తే ఇచ్చేయండి, లేకపోతే లేదని చెప్పండి. నేను డీకనైన కొత్తలో ఒక తమ్ముడికి సంఘం పైసలు ఐదు వేలు "మెల్లగ కట్టు" అని ఇప్పించాను. మిత్తి లేదు, గడువు లేదు. అయినా మూడు నెలలకు అతను నన్ను చూసి రోడ్డు అవతలికి దాటిపోవడం మొదలుపెట్టాడు. ఆరో నెలకు గుడికి రావడమే మానేశాడు. ఐదు వేల కోసం ఒక మనిషిని పోగొట్టుకున్నాం.

ఉత్తగా తీసుకోవడం ఇష్టం లేనివాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళకు పని చూపించండి. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి కట్టడమే కరువులో జనానికి కూలీ, కూడు ఇచ్చిందని మన పెద్దలు చెప్తారు కదా. మేమంత పెద్దది చేయలేం. క్రిస్మస్ ముందు గుడికి సున్నం వేసే పని, సమాధుల తోటలో తుమ్మకంప కొట్టే పని బయటివాళ్ళకు ఇవ్వకుండా మా వాళ్ళకే పెట్టి, బయట ఇచ్చే కూలీయే ఇస్తాం. ఒక్క రూపాయి తగ్గించం.

పేరు బయటపడొద్దు

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న సంగతి. భర్త పోయిన ఒక అక్క బిడ్డ నర్సింగ్ చదువుతుండేది. ఫీజుకు పదకొండు వేలు తక్కువైంది. ఆదివారం నేనే మైకు తీసుకుని, ఆ అక్క పేరు, బిడ్డ పేరు, ఎంత కావాలో అన్నీ చెప్పాను. ఆరాధన అయ్యేలోపే పైసలు జమైనయి. నాకు ఎంతో సంతోషమైంది. అక్క పైసలు తీసుకుంది, ఫీజు కట్టింది. తర్వాతి ఆదివారం తల్లీబిడ్డా రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఒక నెల చూసి ఇంటికి పోతే బిడ్డ తలుపు దగ్గరే నిలబడి, "మా పేరు మైకుల చెప్పిన్రు గదా అంకుల్. బస్సుల కూడ అడుగుతున్నరు, ఫీజు కట్టిన్రా అని" అన్నది. నేను క్షమాపణ అడిగాను. వాళ్ళు తిరిగి గుడికి వచ్చింది ఏడాదిన్నర తర్వాత. ఇప్పటికీ వెనక వరసలోనే కూర్చుంటారు, ఆ వరస వైపు చూసిన ప్రతిసారీ నా మైకు నాకు గుర్తుకొస్తుంది.

కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియొద్దని ప్రభువు చెప్పింది చదివే ఉంటిమి. చదివినదాన్ని పద్ధతిగా మార్చుకోకపోతే ఇట్లాగే అవుతుంది. ఇప్పుడు మా లెక్కల పుస్తకంలో పేర్లు ఉండవు, ఇంటి నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఏ ఇల్లో పాస్టరయ్యగారికి, ఇద్దరు డీకన్లకు తెలుసు. ప్రతి ఖర్చుకూ ఇద్దరి సంతకాలు, రసీదు ఉంటాయి. సంవత్సరాంతం సంఘం ముందు మొత్తం ఎంత వచ్చింది, మందులకెంత, చదువులకెంత, అంత్యక్రియలకెంత అని చదువుతాం. ఎవరికి అన్నది చదవం. చీర ఇస్తూ, దుప్పటి ఇస్తూ ఫోటో తీయడం కూడా ఆపించాం. దాతలు అడుగుతారు. సరుకు ఫోటో పంపండి, మనిషి మొహం పంపకండి.

దవాఖాన, కాయితాలు

వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానలో మన మనిషి చేరాడంటే చుట్టుపక్కల జిల్లాల జనమంతా అక్కడే ఉంటారు. పేషెంటుకు వార్డులో ఏదో ఒకటి దొరుకుతుంది, తోడున్న మనిషి మాత్రం ఆకలితో ఉంటుంది. ఆమెకు రాత్రి టిఫిన్ డబ్బా, దుప్పటి, ఫోన్ చార్జర్ తీసుకుపోండి. రెండో రాత్రి ఆమెను ఇంటికి పంపి మనలో ఒకరు కూర్చోవాలి. ప్రార్థన చిన్నగా చేయండి, పక్క మంచాల్లో కూడా రోగులే ఉంటారు. యూత్ పిల్లల బ్లడ్ గ్రూపులు రాసి పెట్టుకోండి. ఒకసారి రక్తం ఇచ్చిన మగపిల్లవాణ్ణి మళ్ళీ మూడు నెలల దాకా పిలవొద్దు.

ప్రైవేటుకు పోవాల్సి వస్తే పైసలు కట్టకముందే రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని ఆ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర (ఆరోగ్యశ్రీ పని చూసే మనిషి) ఉన్నారా అని అడగండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలైంది. మా సంఘంలో ఒకాయన తెలియక నూటికి మూడు రూపాయల మిత్తికి యాభై వేలు తెచ్చి ఆపరేషన్‌కు కట్టాడు. నెలకు పదిహేను వందల మిత్తి, ఏడాదికి పద్దెనిమిది వేలు, అసలు అట్లాగే ఉంది. తర్వాత విచారిస్తే ఆ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉన్నదే. మొదటి రోజు ఒక డీకన్ పక్కన ఉంటే ఆ అప్పే లేదు.

ఇంటాయన పోయిన ఇంట్లో మూడు కాయితాలు చూడండి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఒంటరైన ఆమెకు పింఛను దరఖాస్తు పెట్టించాలి. అది 2019లో నెలకు 2,016 రూపాయలైంది. పోయిన మనిషి ఇల్లు నడిపేవాడై, వయసు 18 నుంచి 59 మధ్య ఉండి, బీద కుటుంబమైతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి 20,000 వస్తుంది, ఎమ్మార్వో ఆఫీసులో అడగాలి. మన ఇళ్ళల్లో ఒక చిక్కు ఉంటుంది: సంఘం రిజిస్టరులో బాప్తిస్మం పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి, బ్యాంకు పుస్తకంలో మూడోది. దరఖాస్తు పెట్టే ముందే పేర్లన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆఫీసుకు ఆమెను ఒక్కదాన్నే పంపకండి. ఆమె ఒక రోజు కైకిలి పోగొట్టుకుని వస్తుంది. "రేపు రా" అంటే రెండు రోజుల కైకిలి పోయినట్టు.

సావు జరిగిన ఇల్లు

ఆ రోజు డీకన్ పని చేతులతో చేసేది. శవపెట్టె చేసే వడ్రంగి, గుంత తీసే వాళ్ళు, టెంటు, బండి, ఈ నంబర్లు ఫోన్‌లో ముందే ఉండాలి. ఇంటివాళ్ళను ఖర్చు లెక్కలు అడగొద్దు. రాత్రి శవం దగ్గర వాళ్ళతో కూర్చోండి. అన్నం మూడు రోజులు వేరే ఇళ్ళ నుంచి పోవాలి, ఎవరు ఏ పూట అన్నది స్త్రీల సమాజం వాళ్ళు పంచుకుంటారు.

అయితే ఆ మూడు రోజులు ఇంటినిండా జనమే. ఆదరణ కూటం (ఓదార్పు ప్రార్థన) దాకా కూడా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. చుట్టాలు పోయాక, రెండో నెలలో, ఆమె ఒక్కతే మాపటేల గడప మీద కూర్చుంటుంది. ఆ రెండో నెలలో పోవాల్సిన తారీకు క్యాలెండర్‌లో ముందే గీత గీసి పెట్టుకోండి. వెంట పావుకిలో చాపత్త, అరకిలో చక్కెర తీసుకుపోండి, అంతే. బైబిలు చదవమంటే ఒక కీర్తన చదవండి. లేకపోతే ఆయన ఎట్లుండేవాడో ఆమెను చెప్పనివ్వండి, అదే సంగతి పోయినసారి చెప్పినా సరే. పొయ్యి మీద ఏముంటే అది పెట్టి "తినిపో అన్నా" అంటే చెప్పులు విడిచి లోపలికి పోయి కూర్చోండి.