జీబ్రా చేపల ల్యాబులో కొత్తవారికి - 3: సాయంత్రం జత, పొద్దున గుడ్లు

నీళ్లు, మేత అయ్యాయి. ఇక గుడ్లు. ఏ గంటకు పెట్టాయో తెలియని గుడ్లు జన్యు ప్రయోగానికి పనికిరావు. అందుకే పని ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది.

పొట్ట గుండ్రంగా, వెండి రంగులో ఉన్నది ఆడది. సన్నగా, చారల మధ్య పసుపు తిరిగినది మగది. రెండింటినీ జల్లెడ అడుగున్న చిన్న తొట్టెలో వేసి మధ్యలో అడ్డుపలక పెట్టండి. తమ గుడ్లను తామే తినేసే చేపలివి, జల్లెడ అందుకే. పర్లాకిమిడి, రాయగడ వైపు మడుల్లో చారల చేపలు దొరికాయని తెచ్చి ల్యాబు చేపల్లో కలపకండి. రోగాలొస్తాయి, వంశమూ కలగాపులగమవుతుంది.

ల్యాబులో వెలుగు 14 గంటలు, చీకటి 10 గంటలు. పొద్దున లైట్లు వెలగగానే పలక తీస్తే చాలా జతలు గంటలోపే పెట్టేస్తాయి. పెట్టకపోతే తొట్టెను కాస్త వాల్చి ఒక పక్క లోతు తగ్గించండి. అప్పటికీ లేదంటే రాత్రి ఎవరైనా లైటు వేశారేమో, ఆ జతకు వారం విశ్రాంతి దొరికిందో లేదో కనుక్కోండి.

గుడ్లను టీ జల్లెడలో వడకట్టి ఇ3 ద్రావణంలో (పిండాలను పెంచే పలుచని ఉప్పునీళ్లలో) కడగాలి. 60 రెట్ల చిక్కటి స్టాకుకు లీటరులో సోడియం క్లోరైడ్ 17.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.76, రెండు నీటి అణువుల కాల్షియం క్లోరైడ్ 2.9, ఏడు నీటి అణువుల మెగ్నీషియం సల్ఫేట్ 4.9. వాడేటప్పుడు 16.7 మిల్లీలీటర్లు తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో లీటరు చేయండి. కుళాయి నీళ్లు వద్దు, క్లోరిన్ పిండాలను చంపుతుంది.

పది సెంటీమీటర్ల పెట్రిడిష్‌కు 50 గుడ్లు చాలు. కిక్కిరిస్తే ఎదుగుదల మందగిస్తుంది. ఇంక్యుబేటర్ 28.5 డిగ్రీలు. ఆ వేడిలో గుడ్లు పెట్టిన ముప్పావు గంటకు పిండంలో రెండు కణాలు, గంటకు నాలుగు. బరంపురంలో మే నెలలో కరెంటు పోయిందా, గడియారాన్ని నమ్మొద్దు. వేడి పెరిగితే పిండం తొందరపడుతుంది, తగ్గితే వెనకబడుతుంది. మైక్రోస్కోపులో చూసిన దశే రాసుకోండి.

సాయంత్రంలోగా తెల్లబడ్డ గుడ్లన్నీ పిపెట్‌తో తీసేయాలి. వదిలేస్తే కుళ్లి నీళ్లు పాడవుతాయి, పక్కవీ పోతాయి. డిష్ మూత మీద కాదు, అడుగు పక్కన రాయండి: వంశం, తేదీ, గంట. మూతలు మారిపోతాయి. ఒడియా సహచరులూ చదవాలి కాబట్టి తెలుగులో కాక ల్యాబులో అందరూ వాడే గుర్తులే వేయండి.

వచ్చే పాఠం: పిండం ఒక్క కణంగా ఉండగానే సూది వేయడం.