నొప్పుల పేషెంట్లు కౌన్సెలింగ్ మధ్యలో మానేస్తుంటే ఏం చేయాలి

ఒంగోలు, కందుకూరు, కావలి, యాడ చూసినా కౌన్సెలింగ్ చేసేవాళ్ళది ఒకటే గోల. మూణ్ణెల్లు దాటిన నొప్పులతో వస్తారు, సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే మాటల వైద్యం, మొదలుపెడతారు, అది వారానికొకటి చొప్పున మామూలుగా 8 నుంచి 12 సిట్టింగులు ఉంటది, మధ్యలోనే మానేస్తారు. పేషెంట్‌కి ఓపిక లేదంటాం గానీ నన్నడిగితే సగం కారణం మన దగ్గరే ఉంటది.

సమస్య: మొదటి సిట్టింగ్ అయ్యాక ఫోన్ ఎత్తరు

కారణం: ఇంజెక్షన్లు, ఎమ్మారై, ఫిజియోథెరపీ అన్నీ అయినాక "స్కాన్‌లో ఏం లేదు, కౌన్సెలింగ్‌కి పొండి" అంటే నాకేమన్నా పిచ్చా అనిపించదా? దానికితోడు మనం కూడా కూర్చోగానే ఇంట్లో గొడవలేమన్నా ఉన్నాయా అని మొదలుపెడితే ఇంకేముంది, ఆటో ఎక్కి పోతారు.

పరిష్కారం: ముందు నొప్పి కథ అంతా చెప్పనీండి, అడ్డం పడొద్దు. నొప్పి ఉందని మనిషి చెప్తే ఆ మాటకి విలువివ్వాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనం కింద ఇచ్చిన వివరణల్లోనే ఉంది. కనిగిరి పక్క ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కీళ్ళు పట్టేసినామెకి "అంతా మనసులోనే ఉందమ్మా" అంటే మళ్ళీ మన గడప తొక్కదు. "నొప్పి నిజమేనమ్మా, వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటది, భయం, నిద్ర లేకపోవడం దాన్ని ఇంకా తెరుస్తాయి, మనం దాన్ని కొంచెం మూసే పని చూద్దాం" అంటే వింటది. నొప్పి మీద పరిశోధన చేసిన మెల్జాక్, వాల్ 1965లో చెప్పిన గేట్ థియరీనే ఇది, కాస్త సులువు చేసి చెప్పడం అంతే.

సమస్య: వస్తారు, హోంవర్క్ చేయరు, మెల్లగా రావడం మానేస్తారు

కారణం: గోల్ మనం పెట్టాం. థెరపిస్టుకీ పేషెంట్‌కీ గోల్ కుదరాలి, చేసే పని కుదరాలి, నమ్మకం కుదరాలి అని బోర్డిన్ అనే సైకాలజిస్టు 1979లోనే చెప్పాడు. మనం ఫైల్లో "నొప్పిని అంగీకరించడం" అని రాసుకుంటాం, ఆ పెద్దాయనకేమో రొయ్యల గుంట కట్ట మీద నడిచి చెక్‌ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) ఎత్తి చూసుకోగలిగితే చాలు.

పరిష్కారం: ఆ చెక్‌ట్రేనే గోల్‌గా రాయండి, ఆయన మాటల్లోనే. డైరీ రాయమని పేపర్లు చేతిలో పెట్టొద్దు, రాయడం రానోళ్ళు సిగ్గుపడి రావడమే మానేస్తారు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమంటే సరిపోతది. పొగాకు గ్రేడింగ్‌కి కూర్చునే ఆడోళ్ళకైతే నొప్పి వచ్చిందాకా కూర్చోకుండా ఫోన్లో టైమర్ పెట్టుకుని, అది మోగగానే లేచి నాలుగడుగులు వేయమనండి. నొప్పి లేని రోజు పనులన్నీ మీదేసుకుని తర్వాత మంచం పట్టే అలవాటు దీంతోనే తగ్గుతది.

సమస్య: "మీరు చెప్పింది చేస్తే నొప్పి ఎక్కువైంది"

కారణం: కదలడం మొదలుపెట్టినాక కొన్నాళ్ళు అట్టా ఉండొచ్చని మనం ముందుగా చెప్పలేదు.

పరిష్కారం: మొదట్లోనే చెప్పండి, పెరిగిన రోజు పని సగం చేయమనండి. కాళ్ళలో కొత్తగా బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా మాత్రం కౌన్సెలింగ్ పక్కన పెట్టి అప్పటికప్పుడు డాక్టర్ దగ్గరికి పంపాలి.

సమస్య: బస్సు దూరం, కూలి పోతది

పరిష్కారం: ఉదయగిరి నుంచి నెల్లూరుకి ప్రతివారం రమ్మంటే ఎవరొస్తారు? ఒకటి ఎదురుగా, ఒకటి ఫోన్లో పెట్టండి.

ఒక వారం రాకపోతే రిసెప్షన్ వాళ్ళతో చేయించకుండా మీరే ఫోన్ చేయండి. ఎందుకు రాలేదని నిలదీయొద్దు, "పోయినసారి నేనన్న మాటేమన్నా కష్టంగా అనిపించిందా అన్నా" అని అడిగి, ఇంక ఆయన్ని మాట్లాడనీండి.