డేట్‌కి ముందు వారం: ఏ పండు తినాలి, ఏది నమ్మాలి

తెనాలిలో మాది మందుల షాపు. డేట్‌కి ముందు, అంటే నెలసరికి ముందు వచ్చే చిరాకు, రొమ్ముల సలపరం, పొట్ట ఉబ్బరం గురించి ఆడవాళ్ళు గట్టిగా అడగరు. ముందు పారాసిటమాల్ తీసుకుని, పక్కనున్న మగమనిషి వెళ్ళాక, "మేడమ్, దీనికి ఏ పండు తింటే తగ్గుద్ది?" అంటారు. వాళ్ళకి నేను చెప్పేది ఇదీ.

పండు కొనేముందు గోడ మీది క్యాలెండర్ దించండి. రోజూ రాత్రి ఆ తేదీ గడిలో చిరాకుకి 'చి', ఉబ్బరానికి 'ఉ', నొప్పికి 'నొ' అని రాసి, పక్కన సున్నా నుంచి మూడు దాకా ఎంతో ఒక అంకె వేయండి. రెండు నెలలు రాస్తే సంగతి తెలుస్తుంది. నెలసరికి వారం, పదిరోజుల ముందు మొదలై, అది వచ్చిన రెండు మూడు రోజుల్లో సర్దుకుంటే ఆ బాపతే. నెలంతా ఒకేలా ఉంటే థైరాయిడో, రక్తహీనతో, డిప్రెషనో చూపించుకోవాలి.

తర్వాత ఒక్క మార్పే చేసి మళ్ళీ రాయండి. ఎందుకంటే 1998లో అమెరికాలో 466 మంది మీద కాల్షియం పరీక్షించారు. మూడో నెలకి కాల్షియం వాడినవాళ్ళకి బాధలు 48 శాతం తగ్గాయి. మందేమీ లేని ఉత్తుత్తి బిళ్ళ మింగినవాళ్ళకీ 30 శాతం తగ్గాయి! కాబట్టి పక్కింటావిడకి తగ్గిందన్న మాట ఒక్కటే సరిపోదు.

ఎక్కువమంది అడిగేది బొప్పాయి. అది డేట్‌ని ముందుకు లాగుతుందని నమ్మకం. 2002లో ఎలుకల మీద చూస్తే పచ్చికాయ పాలు గర్భాశయాన్ని ముడుచుకునేలా చేశాయి, పండు రసం చేయలేదు. చిరాకుకీ దానికీ సంబంధం లేదు. విరేచనం సాఫీగా లేక పొట్ట బిగిస్తే మాత్రం హాయిగా తినండి.

అరటిపండులో బి6 ఉందన్నది నిజమే. ఆ విటమిన్ రోజుకి 100 మిల్లీగ్రాముల లోపు ఉపయోగపడవచ్చని 1999లో పాత పరీక్షలన్నీ కలిపి చూసినవాళ్ళు చెప్పారు, అవి అంత గట్టి పరీక్షలు కావని కూడా అన్నారు. ఒక అరటిపండులో ఉండేది అర మిల్లీగ్రాము లోపే. ఆ లెక్కన గెలకి గెల తినాలి. అలాగని ఎక్కువ మోతాదు బిళ్ళలు సొంతంగా నెలల తరబడి మింగితే కాళ్ళూ చేతులూ తిమ్మిర్లెక్కొచ్చు.

పరీక్షకి బాగా నిలిచిన పండు మన బజార్లో దొరకదు. మధ్యధరా సముద్రతీరాల్లో పెరిగే చేస్ట్‌బెర్రీ అనే పొద, మన వావిలికి దగ్గరి చుట్టం. దాని పండ్లు మిరియాలంత ఉంటాయి. 2001లో 170 మందికి మూడు నెలసర్ల పాటు ఆ పండ్ల సారం బిళ్ళలిస్తే 52 శాతం మందికి బాధలు సగానికి పైగా తగ్గాయి, ఉత్తుత్తి బిళ్ళతో 24 శాతం మందికే. ఇది చదివి గట్టు మీద వావిలి కాయలు కోసుకొచ్చి కషాయం కాచేరు! బాలింత స్నానానికి వాడే మన వావిలి వేరే జాతి, ఆ ఫలితం దీనికి వర్తించదు. అసలు బిళ్ళలైనా గర్భం కోసం చూస్తున్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు, గర్భనిరోధక మాత్రలో మానసిక సమస్యల మందులో వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా తీసుకోకూడదు.

నన్నడిగితే పండుకన్నా చిమ్మిలి మేలు. నువ్వులు దోరగా వేయించి, బెల్లంతో రోట్లో నూనె ఊరేదాకా దంచాలి. పొట్టు తీయనివాటిలోనే కాల్షియం ఎక్కువ, కానీ పొట్టులో ఉండే ఆక్సలేట్ అనే పదార్థం వల్ల అంతా ఒంటికి పట్టదు. అందుకే రాగిజావ, పెరుగు కూడా ఉండాలి. ముందు చెప్పిన కాల్షియం పరీక్షలో ఇచ్చింది రోజుకి 1200 మిల్లీగ్రాములు, వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది. ఐరన్ బిళ్ళ వేసుకునేవాళ్ళు కాల్షియం బిళ్ళ అదే పూట వేసుకోకండి.

ఆ వారంలో ఇంట్లో అందరితో తెగేదాకా గొడవలవుతుంటే, చచ్చిపోవాలనిపిస్తుంటే పండ్లతో కాలయాపన చేయొద్దు. దీనికి మందులున్నాయి, కొందరికి నెలసరికి ముందు రెండు వారాలే ఇస్తారు. గైనకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. అర్ధరాత్రయినా 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు.