సూర్యలంకలో కుక్కతో ఒక రాత్రి

బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కు మా కుక్క బంటిగాడు లేకుండా నేను వెళ్లను. రాత్రి ఉండాలంటే ముందు అక్కడి పోలీసులను అడగండి. అలల తడి గుర్తుకు బాగా పైన టెంట్ వేయండి.

మధ్యాహ్నం నుంచి గాలి సముద్రం మీంచి కొడుతుంది కాబట్టి టెంట్ తలుపు ఊరివైపు ఉంచండి. మామూలు మేకులు ఇసుకలో నిలవవు. సిమెంటు సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మోకాలి లోతు గోతిలో పాతండి. నాలుగు మూలలకూ అంతే. సరుగుడు తోపు గాలిని ఆపుతుంది, కానీ ఆ ఎండాకుల మీద పొయ్యి వెలిగించారో, ఇక అంతే సంగతులు!

ఇక కుక్క. జనవరి నుంచి మార్చి దాకా దాని తాడు అస్సలు విప్పొద్దు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే కాలమది. కుక్కలు వాసన పట్టి ఆ గుడ్ల గుంటలు తవ్వేస్తాయి. మన ముద్దులవాడు అలా చేయడనుకోకండి. ఈ తాబేళ్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. లైట్లు కూడా వాటిని దారి తప్పిస్తాయి, టార్చి తగ్గించండి.

సముద్రపు నీళ్లు తాగితే కుక్కకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మంచినీళ్లు తరచూ పెట్టండి. ఎండలో ఇసుక మీద మీ చేయి ఆనలేకపోతే దాని పాదాలూ ఆనలేవు. పడుకునేముందు కాలివేళ్ల మధ్య ఇసుక కడిగేయండి, వల ముక్కలు, గాలాలు గుచ్చుకున్నాయేమో చూడండి.