కుకుడా అనే కుక్క: ముద్దుపాత్ర నెత్తికెక్కకుండా పదహారు పేజీల కామిక్

కుక్కను ముద్దు చేస్తే మూతంతా నాకిందని సామెత. కామిక్ రాసేవాళ్ళకు ఇది అక్షరాలా జరుగుతుంది. పక్కన ఉండాల్సిన ఓ జంతువు మీద రచయితకు ముద్దు పుడుతుంది, అదే ముద్దుపాత్ర. మూడో పేజీకల్లా ప్రతి గడిలోనూ అదే కనిపిస్తుంది, ప్రతి చిక్కూ అదే విప్పుతుంది, పొగడ్తలన్నీ దానికే. చివరికి రాసినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ అది ముద్దు రాదు.

ఇక్కడ చెప్పేది ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు పిల్లలు, వాళ్ళ టీచర్లు నాలుగు ఏ4 కాగితాలతో, వీధి చివర జిరాక్స్ షాపులో తీయించుకోగల చిన్న పుస్తకం గురించి. ఉదాహరణగా ఒక కథను మొదటి నుంచి చివరిదాకా పట్టుకుందాం.

టెక్కలి నుంచి పర్లాకిమిడి వచ్చిన పదేళ్ళ గుంట రాజీ. వీధి పిల్లలు ఒక కుక్కను చూపించి ఒడియాలో "కుకుర" అన్నారు. కుకుర అంటే కుక్క. రాజీకి అది "కుకుడా" అని వినబడింది. కుకుడా అంటే కోడి. తెలియక కుక్కకు ఆ పేరే పెట్టేసింది. కొన్నాళ్ళకు పక్కింటి ఒడియా అవ్వ బజారుకెళ్తూ "కుకుడాకు టికే దెఖిబు" అంది, కోడిని కాస్త చూస్తూండమని. చివర ఉన్న "కు" మన "కు" లాగే ఉండేసరికి రాజీ తనకంతా అర్థమైపోయిందనుకుంది. కుక్కను గుంజకు కట్టి దాని పక్కనే కాపలా కూర్చుంది. కోడి కాస్తా ఎటో పోయింది. పొద్దుగూకేలోగా వెతకాలి. కుక్కకేమో కోళ్ళంటే హడల్.

ముద్దుపాత్రకు ఇంతకన్నా మంచి పునాది దొరకదు. పేరులోనే తప్పు ఉంది, ఆ తప్పులోంచే కథ పుట్టింది.

ముందు లోపం, తర్వాత ముఖం

బొమ్మ గీయకముందు ఆ జంతువు గురించి మూడు వాక్యాలు రాసుకోండి. ఏం చేయలేదు? దేనికి భయపడుతుంది? ఏ ఒక్క పని ఎప్పుడూ ఒకేలా చేస్తుంది? చేయగలిగినవాటి జాబితా వద్దు, అది దానంతటదే పెరుగుతుంది. కుకుడా విషయంలో జవాబులివి: వాసన పట్టలేదు, కోళ్ళకు భయపడుతుంది, భయం వేస్తే ముందుకాళ్ళు బిగబట్టి అక్కడే ఆగిపోతుంది, ఎంత లాగినా కదలదు.

చివరి మాట గుర్తుపెట్టుకోండి, కథ ముడి విప్పేది దాంతోనే. వెతుకుతూ మహేంద్రతనయ నది ఒడ్డున నడుస్తుంటే ఒక కట్టెల మోపు దగ్గర కుక్క కాళ్ళు బిగబట్టేస్తుంది. రాజీ మొదట విసుక్కుంటుంది. ఒక గడిలో ఆలోచిస్తుంది. తర్వాత మోపు వెనక్కి వెళ్తుంది. కోడిని పట్టింది కుక్క కాదు. కుక్క భయాన్ని చదివింది రాజీ. జంతువు ఇచ్చేది ఆనవాలు మాత్రమే, నిర్ణయం కథానాయికది. ఇది తారుమారైతే, అంటే కుక్కే పరిగెత్తుకెళ్ళి కోడిని నోట కరుచుకొస్తే, రాజీ తన కథలోనే చూసేవాళ్ళలో ఒకరైపోతుంది.

శక్తులు ఎక్కువైతే ఏమవుతుందో పెద్ద కంపెనీల అనుభవమే చెబుతుంది. 1974లో మార్వెల్ కంపెనీ హల్క్ కథలో వచ్చిన కెనడా సూపర్‌హీరో వుల్వరిన్‌ను, తర్వాత ఎక్స్-మెన్ కామిక్‌కు బొమ్మలు వేసిన జాన్ బర్న్ తానూ కెనడా వాసం ఉన్నవాడు కాబట్టి పట్టుబట్టి ముందుకు తెచ్చాడు. పాత్ర జనానికి నచ్చింది, అన్ని పుస్తకాల్లోకీ పాకింది. కానీ ఏ గాయమైనా మానిపోయేవాడికి ఏం జరిగినా పాఠకుడికి బెంగ ఉండదు. 2014లో అతణ్ణి చంపే కథ రాయాలంటే ముందు ఆ మానిపోయే శక్తిని తీసేయాల్సి వచ్చింది. మీ కుక్కకు అలాంటి శక్తి అసలు ఇవ్వకండి, తర్వాత పీకే పని తప్పుతుంది.

జంతువు ఎంపికలో ఒక మాట. చాలామందికి మొదట తట్టేది మాట్లాడే పంజరం చిలక. మన దేశపు చిలకను పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బడిలో పంచే పుస్తకానికి అది అనవసరపు తలనొప్పి. కుక్క, మేకపిల్ల, బాతు, దూడ చాలు.

దొడ్డిదారిన రానివ్వండి

మొదటి గడిలోనే ముద్దుపాత్రను పెద్దగా నిలబెట్టి పరిచయం చేస్తే పాఠకుడు మొండికేస్తాడు. "ఇదిగో, దీన్ని ఇష్టపడు" అని ఆజ్ఞాపించినట్టుంటుంది. ఆస్టెరిక్స్ అనే ఫ్రెంచి కామిక్‌లో, హీరో ఆస్టెరిక్స్ నేస్తం ఒబెలిక్స్‌కు బుల్లికుక్క వచ్చిన తీరు చూడండి. 1963లో పత్రికలో వరుసగా వచ్చిన కథలో, ఒక మాంసం కొట్టు ముందు కూర్చున్న కుక్క ఈ ఇద్దరి వెంటపడి దేశమంతా తిరుగుతుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు, చివరి విందులో గానీ ఒబెలిక్స్ కంట పడదు. అప్పటికి దానికి పేరు కూడా లేదు, తర్వాత పాఠకులకు పోటీ పెట్టి పేరు ఖాయం చేశారు. పాఠకుడు తనంతట తాను కనిపెట్టిన కుక్క కాబట్టే అది అతనిదైపోయింది.

మన పుస్తకంలో రెండో పేజీలో రాజీ సామాన్ల రిక్షా వెనక ఒక మూల తోక, మూడో పేజీలో అరుగు కింద రెండు కళ్ళు. నాలుగో పేజీలో పేరు. అంతే.

మాట్లాడుతుందా లేదా అన్నది ఒక్కసారే తేల్చుకోండి. మూడు దారులున్నాయి: అందరితో మాట్లాడటం, పాఠకుడికి మాత్రమే కనిపించే ఆలోచన బుడగ, లేదా మూగగా ఉండటం. మధ్యలో మార్చితే నమ్మకం పోతుంది. పీనట్స్ కామిక్‌లోని స్నూపీ 1950లో మామూలు కుక్కగా వచ్చి, 1952లో ఆలోచన బుడగ అందుకుని, 1965 నాటికి యుద్ధవిమానం నడుపుతున్నట్టు కలలుగనే దాకా వెళ్ళింది నిజమే. కానీ అది పత్రికల్లో రోజుకొకటిగా ఏళ్ళ తరబడి వచ్చిన బొమ్మల వరుస. పదహారు పేజీలకు అంత మార్పు మోసే బలం లేదు. కుకుడాను మూగగానే ఉంచండి.

ఇంకో కిటుకు. బెల్జియం కామిక్ హీరో టిన్‌టిన్ కుక్క 1929 నుంచి మొదటి పుస్తకాల్లో తెగ మాట్లాడేది, వెటకారాలు అన్నీ దానివే. 1941లో టిన్‌టిన్ నేస్తంగా కెప్టెన్ హడాక్ వచ్చాక ఆ వెటకారం పని అతని చేతికి పోయింది, కుక్క మాటలు తగ్గాయి. ఒక పనికి ఇద్దరుంటే ఒకరు దండగ. మీ కథలో నవ్వించే పని ఇప్పటికే అవ్వ చేస్తుంటే కుక్కతో కోతి చేష్టలు చేయించకండి.

రంగు పెన్సిళ్ళ లెక్క

పదహారు పేజీల్లో ముందు అట్ట, వెనక అట్ట పోతే కథకు పద్నాలుగు. పేజీకి సగటున ఐదు గళ్ళు, మొత్తం డెబ్బై. చిత్తు ప్రతి వేశాక మూడు పెన్సిళ్ళు తీసుకోండి. ముద్దుపాత్ర కనిపించే ప్రతి గడి మూలన ఎర్ర చుక్క. దానివల్ల కథ మలుపు తిరిగితే నీలం. ఎవరైనా దాన్ని పొగిడితే, "అబ్బ ఎంత తెలివైందో" లాంటిది అంటే, ఆకుపచ్చ.

మా కొలత ఇది: ఎరుపు ఇరవై ఎనిమిదికి మించొద్దు, నీలం మూడు, ఆకుపచ్చ సున్నా. ఆకుపచ్చ విషయంలో బేరం లేదు. పాత్రలు పొగడటం మొదలెట్టాయంటే రచయిత వాళ్ళ గొంతుతో మాట్లాడుతున్నట్టే. తిట్టించండి, తిట్టిస్తే పాఠకుడు కుక్క పక్షం వహిస్తాడు.

ఎరుపు నలభై దాటిందంటే కారణం సాధారణంగా ఒకటే: కుక్క గీయడం సులువు, మనుషుల చేతులు గీయడం కష్టం. చేతులు నేర్చుకోండి. నీలం ఒక్కటీ లేకపోతే దానికి వ్యతిరేకమైన జబ్బు, కుక్క అలంకారమైపోయింది. దాన్ని చెరిపేసినా కథ నడుస్తుందేమో చూడండి, నడిస్తే చెరిపేయండి.

గీత

సెంటీమీటరు ఎత్తులో నల్లటి నీడగా గీసినా గుర్తుపట్టగలగాలి. అందుకే కుకుడాకు ఒక చెవి నిక్కి, ఒకటి వాలి ఉంటుంది. కథ మొదలెట్టేముందు ఒక కాగితం మీద నాలుగు వైపుల నుంచి, ఆరు భావాలతో గీసి ఎదురుగా అతికించుకోండి. కుక్క భావం మూతిలో కాదు, చెవుల్లో, వెన్నులో, తోకలో ఉంటుంది. కుక్క వీపు రాజీ మోకాలికి సరిపోవాలని కొలత రాసుకోండి. రాయకపోతే ముద్దు పెరిగేకొద్దీ కుక్క కూడా పెరుగుతుంది, పన్నెండో పేజీకి దూడంత అవుతుంది.

గోడల మీద సవర బొమ్మలు గీస్తే ఊరి వాతావరణం వస్తుందని చాలామందికి ఆశ. ఇడితాల్ అనే ఆ బొమ్మలు దేవతల కోసం, పెద్దల కోసం ఇంట్లో గీసే పూజాచిత్రాలు. మధ్యలో మీ కుక్కను దూర్చి ఆటపట్టించకండి.

మాట

పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూనే గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకున్నారు, నోట్లో ఉన్న తెలుగే రాతలో ఉండాలని పోరాడారు. ఆ ఊళ్ళో పుట్టే కామిక్‌లో "నీవు ఎచ్చటికి వెళ్ళుచున్నావు" అనిపిస్తే అంతకన్నా అన్యాయం లేదు. "ఏటే గుంటా, ఎక్కడికి ఎల్తన్నావు?" అనిపించండి. కానీ ప్రతి మాటనూ విరిచి రాయొద్దు. బుడగకు ఒకటి రెండు యాస మాటలు చాలు, మిగతాది మామూలుగా ఉంటే పాఠకుడు యాసలోనే చదువుకుంటాడు.

ఒడియా మాటలు తెలుగు లిపిలోనే రాయండి, ఆ బుడగ అంచును చుక్కల గీతతో వేరు చేయండి. పక్కన అర్థం మాత్రం ఇవ్వొద్దు, అర్థం ఇస్తే నవ్వు చచ్చిపోతుంది. పర్లాకిమిడి పిల్లాడికి "కుకుడాకు" అనగానే తెలిసిపోతుంది, రాజీ ఎప్పుడు తెలుసుకుంటుందా అని కాచుకుంటాడు. టెక్కలి పిల్లాడికి రాజీతో పాటే తెలుస్తుంది. ఇద్దరికీ సరిపోవాలంటే పేజీ తిప్పే చోటు వాడుకోవాలి. మన పుస్తకాల్లో బేసి పేజీ కుడివైపు పడుతుంది. ఐదో పేజీ చివరి గడిలో ఖాళీ కోళ్ళ గంప, దానివైపు చూస్తున్న అవ్వ వీపు. కాగితం తిప్పితే ఆరో పేజీ మొదటి గడిలో అవ్వ ముఖం, గుంజకు కట్టిన కుక్క. ఇదే ఆరో పేజీ చివర, ఏడో పేజీ మొదట పెడితే రెండూ ఎదురెదురుగా ఒకేసారి కంటపడి తుస్సుమంటుంది.

బుడగకు పది మాటలు, గడికి పద్దెనిమిది, అంతకు మించొద్దు. తెలుగుకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి నిలువు చోటు ఎక్కువ కావాలి. ఏ4 మీద గీసి ఏ5కు తగ్గిస్తే 71 శాతం అవుతుంది. కాబట్టి మూలప్రతిలో అక్షరం 4 మిల్లీమీటర్లు, వరుసకూ వరుసకూ 9 మిల్లీమీటర్లు ఉంచండి. తక్కువైతే "లక్ష్మి"లో మ వత్తు కింది వరుస గుడికి తగులుకుంటుంది. ముందు మాట రాసి, తర్వాత చుట్టూ బుడగ గీయాలి. బుడగ ముందు గీసినవాళ్ళు చివరి మాటను చీమలా ఇరికిస్తారు.

కంప్యూటర్‌లో రాస్తే మాటలకు మండలి ఫాంట్, అట్ట మీద పేరుకు గిడుగు ఫాంట్ బాగుంటాయి, రెండూ ఉచితమే. ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కకొస్తే ఫాంట్‌ను తిట్టకండి. టైప్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోలేదన్నమాట.

జిరాక్స్, కుట్టు

పెన్సిల్ బూడిద నీడలు జిరాక్స్‌లో మరకలవుతాయి, నీడకు అడ్డగీతలే వేయండి. అన్ని అంచుల్లో 10 మిల్లీమీటర్లు వదలండి, మిషన్ కాగితం కొసదాకా అచ్చు వేయదు. పేజీలు అతికించే క్రమం ఇది, ముందున్న అంకె ఎడమవైపు, తర్వాతిది కుడివైపు. ప్రతి జతా కలిపితే పదిహేడు రావాలి, రాకపోతే ఎక్కడో తప్పినట్టు.

మొదటి కాగితం: 16–1, వెనక 2–15
రెండోది: 14–3, వెనక 4–13
మూడోది: 12–5, వెనక 6–11
నాలుగోది: 10–7, వెనక 8–9

రెండువైపులా తీసేటప్పుడు పొట్టి అంచు మీద తిప్పమని షాపతనికి ముందే చెప్పాలి. పొడుగు అంచు మీద తిప్పితే వెనక పేజీలన్నీ తలకిందులవుతాయి. 80 జీఎస్ఎం కాగితం అడగండి. 70 అయితే అవతలి నలుపు ఇవతలికి కనిపిస్తుంది.

నడిమి మడత అంచు నుంచి దాదాపు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, మామూలు స్టాప్లర్ అక్కడికి అందదు. స్టాప్లర్‌ను పూర్తిగా తెరిచి, కింద థర్మకోల్ ముక్క పెట్టి మడత మీద గుచ్చి, పిన్ను కొనలు వెనకవైపు చెంచాతో వంచండి. లేదా మూడు చిల్లులు వేసి నూలుదారంతో కుట్టండి: లోపలి నుంచి నడిమి చిల్లులో మొదలెట్టి, పైదానిలోంచి లోపలికి, కిందిదానిలోంచి బయటికి, మళ్ళీ నడిమిదానిలోంచి లోపలికి వచ్చి ముడి.

యాభై కాపీలు తీయించే ముందు ఒక్కటి తీయించి, కథ తెలియని పిల్లాడి చేతికిచ్చి పక్కన ఊరికే కూర్చోండి. కట్టెల మోపు పేజీలో వేలు ముందు కుక్క మీదికి వెళ్ళి, తర్వాత రాజీ మీద ఆగాలి. కుక్క దగ్గరే ఉండిపోతే ఆ గడిలో కుక్కను సగానికి తగ్గించి మళ్ళీ గీయండి.