సెలవులకి బిగ్ ఐలాండ్ వెళ్తున్నారా? లావా కన్నా అలతో జాగ్రత్త

హవాయి దీవుల్లో పెద్దదైన బిగ్ ఐలాండ్‌కి టికెట్లు బుక్ చేసుకున్నవాళ్ళు ముందుగా అడిగేది లావా గురించే. కనిపిస్తుందా, ఎంత దగ్గరికి వెళ్ళొచ్చు, పిల్లల్ని తీసుకెళ్తే ఫర్వాలేదా అని. 2024 డిసెంబర్‌లో మొదలైన కిలౌయా అగ్నిపర్వత విస్ఫోటనం శిఖరం మీది బిలంలోనే సాగింది. 2018 వేసవి తర్వాత లావా సముద్రం దాకా వచ్చి కలిసింది లేదు. కాబట్టి తీరం వెంట తిరిగేటప్పుడు లావా కోసం పడే టెన్షన్‌లో సగమైనా నీళ్ళ మీద పెట్టండి. హవాయిలో ప్రమాదాలకు బలయ్యే పర్యాటకుల్లో ఎక్కువమంది పోయేది నీళ్ళలోనే. పైగా కాలిఫోర్నియా నుంచో టెక్సాస్ నుంచో మనవాళ్ళు బయల్దేరేది థాంక్స్‌గివింగ్‌కీ, క్రిస్మస్ సెలవులకీ. అక్కడ ఉత్తరపు అలలు లేచే కాలం కూడా అదే.

ఆ అలల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే మనకి అలవాటైన సముద్రం వేరు. విశాఖలోనో కాకినాడలోనో సముద్రం పొంగే ముందు చాలాసార్లు ఆకాశమే చెబుతుంది. మబ్బు పడుతుంది, ఈదురుగాలి వీస్తుంది, రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. హవాయికి చలికాలంలో వచ్చే పెద్ద అలలు పుట్టేది ఎక్కడో ఉత్తరాన, అలూషియన్ దీవుల వైపు రేగే తుఫానుల్లో. అవి రెండు మూడు రోజులు ప్రయాణం చేసి ఒడ్డుకి చేరేసరికి ఇక్కడ చక్కగా ఎండ కాస్తుంటుంది, గాలి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. ఇంకో తేడా ఉంది. మన తూర్పు తీరంలో ఒడ్డు నుంచి చాలా దూరం దాకా సముద్రం లోతు తక్కువ. అల ఆ నేలకి రాసుకుంటూ వచ్చి కొంత బలం పోగొట్టుకుంటుంది. బిగ్ ఐలాండ్ సుమారు 5 కిలోమీటర్ల లోతు నుంచి లేచిన కొండ. అలని మెత్తబరిచే మెరక దాని చుట్టూ లేదు. వచ్చిన బలమంతా రాతి మీదే పడుతుంది.

ఆటుపోట్ల టైమింగ్ చూసుకుని బయల్దేరితే సరిపోతుందనుకోకండి. హవాయిలో పోటుకీ ఆటుకీ తేడా మీటరు కూడా ఉండదు. చూడాల్సింది స్వెల్, అంటే దూరపు తుఫానుల నుంచి వచ్చే ఆ పెద్ద అలలు. హొనొలులులోని నేషనల్ వెదర్ సర్వీస్ ఏ తీరంలో అలలు ఎంత ఎత్తున ఉంటాయో రోజూ చెబుతుంది. మీరు వెళ్ళే వైపుకి హై సర్ఫ్ అడ్వైజరీ (పెద్ద అలల సూచన) గానీ వార్నింగ్ (ఇంకా గట్టి హెచ్చరిక) గానీ ఉంటే ఆ రోజు ప్లాన్ మార్చేసి దీవికి రెండో వైపు వెళ్ళండి. మొత్తంమీద చలికాలంలో ఉత్తరం వైపు తీరాలు, వేసవిలో దక్షిణం వైపు తీరాలు చెడ్డవి. తూర్పున పూనా వైపు ఏడాది పొడవునా గాలి అలలు కొడుతూనే ఉంటాయి. లోకల్ సర్ఫర్‌ని అడిగితే "ఆరడుగులు అంతే" అనొచ్చు. వాళ్ళు పాత పద్ధతిలో అలని వెనక నుంచి కొలుస్తారు. ఒడ్డున నిలబడ్డ మీకు అది దాదాపు రెట్టింపు కనిపిస్తుంది.

ఇక రాళ్ళ మీదికి దిగే ముందు దూరంగా నిలబడి కనీసం ఇరవై నిమిషాలు సముద్రాన్ని చూడండి. ఇది పాటించేవాళ్ళు తక్కువ. కానీ ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే నేను ఇదే చెబుతాను. అలలు గుంపులుగా వస్తాయి. చాలాసేపు చిన్న అలలే వచ్చి పోతుంటాయి, సముద్రం పడుకుందని అనిపిస్తుంది, పిల్లలు గుంటల్లో పీతల్ని వెతకడం మొదలుపెడతారు. అప్పుడు పెద్దవి మూడో నాలుగో వరసగా వస్తాయి. మీరు నిలబడాలనుకున్న చోట రాయి తడిగా ఉన్నా, పగుళ్ళలో ఉప్పు తెల్లగా పేరుకుని ఉన్నా అక్కడిదాకా నీళ్ళు వచ్చాయనే అర్థం. నల్లరాయి కాబట్టి తడి త్వరగా కనిపించదు, వంగి చెయ్యి పెట్టి చూడండి. ఫొటో కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు. ఫొటో తీసేవాళ్ళ కళ్ళు కూడా ఫోన్ మీదే ఉంటాయి కాబట్టి, అల వైపు చూడటానికే ఒకరిని పెట్టుకోండి. కుటుంబంలో ఆ పనికి ఎవరూ ఒప్పుకోకపోతే ఫొటో మానేయండి.

కొండ అంచుల దగ్గర ఇంకో మోసం ఉంది. మీరు నిలబడ్డ రాయి కింద నేల ఉండాలని లేదు. అలలు కిందంతా తొలిచేసి పైన లావా పొరని ఇంటి చూరులా వదిలేస్తాయి. హవాయి వోల్కనోస్ నేషనల్ పార్క్‌లో చెయిన్ ఆఫ్ క్రేటర్స్ రోడ్డు చివర హోలేయ్ సీ ఆర్చ్ ఉంది. సముద్రం అలా తొలిచిన తోరణమే అది. దాన్ని చూడటానికి కట్టిన కంచె అవతలికి ఒక్క అడుగు కూడా వేయకండి. తీరం పొడుగునా అలాంటి చూరులు ఎన్నో ఉన్నాయి, వాటన్నిటికీ కంచెలు లేవు.

పొరపాటున ఎవరైనా నీళ్ళలో పడితే, పడ్డచోటే మళ్ళీ ఎక్కాలని చూడకూడదు. అల మనిషిని ఎత్తి రాతికేసి కొడుతుంది. ఆ రాయి గాజులా కోస్తుంది. తెల్లటి నురుగు దాటి బయటికి ఈది, వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు 911కి ఫోన్ చేసి, తేలేది ఏదుంటే అది, కూలర్ బాక్స్ అయినా సరే, విసిరేయాలి. ఆ మనిషి మీద నుంచి చూపు తిప్పకూడదు. వెనకాలే దూకొద్దు. మన ఇళ్ళలో ఒకరి కోసం ఇంకొకరు దూకడం ఎంత సహజమో అందరికీ తెలుసు, అందుకే ఈ మాట కారు దిగకముందే అందరితో ఒకసారి అనుకోండి. ఆ తీరంలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. శాటిలైట్ ఎస్ఓఎస్ ఉన్న ఫోన్ అయితే దాన్ని ఎలా వాడాలో హోటల్‌లోనే నేర్చుకోండి.

లావా మళ్ళీ సముద్రంలో కలిసే రోజులు వస్తాయి. అప్పుడు అది చూడటానికి పరుగెత్తేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ కోసం రెండు సంగతులు. 2016 డిసెంబర్ 31న కమోకునా దగ్గర కొత్తగా ఏర్పడిన లావా నేల సుమారు 26 ఎకరాలు కూలి సముద్రంలో పడింది. పక్కనున్న పాత కొండ అంచు కూడా కొంత పోయింది. తాడు దాటి వెళ్ళిన ఐదుగురిని రేంజర్లు వెనక్కి తీసుకొచ్చిన పావుగంటలోపే వాళ్ళు నిలబడ్డ భాగం విరిగిపడింది. 2018 జులై 16న లావా చూపించే పడవ మీద వేడి రాళ్ళు పడి 23 మందికి గాయాలయ్యాయి. లావా నీళ్ళని తాకినచోట లేచే తెల్లటి పొగ మామూలు ఆవిరి కాదు. అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సన్నటి గాజు నలుసులు ఉంటాయి. 2000లో దాని వల్ల ఇద్దరు చనిపోయారు.

నడక గురించి. లావా రెండు రకాలు. ఒకటి నున్నగా, మడతలు మడతలుగా ఉండే పాహోయ్‌హోయ్, రెండోది గరుకు రాళ్ళ గుట్టలా ఉండే ఆఆ. మొదటిది నడవడానికి బాగుంటుంది గానీ పైపొర పలచగా ఉన్నచోట కాలు లోపలికి దిగబడుతుంది. రెండోదాని మీద పడితే అరచేతులు చీరుకుపోతాయి. రబ్బరు చెప్పులు కారులోనే వదిలేయండి. అడుగు గట్టిగా ఉన్న షూస్, పొడుగు ప్యాంట్లు, తోటపని చేతి తొడుగులు ఉండాలి. లావా మైదానంలో దారి కనిపించదు, రాళ్ళు పేర్చిన గుర్తులు చూసుకుంటూ నడవాలి. సరదాకి మీరూ నాలుగు రాళ్ళు పేర్చారంటే తర్వాత వచ్చేవాళ్ళు దారి తప్పుతారు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు ఎక్కువేమీ కాదు. చెయిన్ ఆఫ్ క్రేటర్స్ రోడ్డు మీద పెట్రోలు గానీ, తాగునీళ్ళు గానీ, తిండి గానీ దొరకవు. పులిహోర కట్టుకెళ్ళినవాళ్ళే తెలివైనవాళ్ళు. డిసెంబర్‌లో సాయంత్రం ఆరు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, తర్వాత చీకటి గబగబా కమ్మేస్తుంది. తలకి కట్టుకునే లైట్ తీసుకెళ్ళండి, ఫోన్ టార్చ్‌ని నమ్ముకోవద్దు. ఎండ విషయానికొస్తే ఈ దీవి ఇంచుమించు మన శ్రీకాకుళం అక్షాంశం మీదే ఉంది. మిన్నెసోటా నుంచి దిగిన ఒళ్ళు దాన్ని తట్టుకోదు. సన్‌స్క్రీన్ జింక్ ఆక్సైడ్‌ది కొనండి. పగడాలకి హాని చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవాటి అమ్మకాన్ని హవాయి 2021 నుంచి ఆపేసింది.

దీవి దక్షిణపు కొన సౌత్ పాయింట్ దగ్గర కుర్రాళ్ళు కొండ మీంచి నీళ్ళలోకి దూకుతుంటారు. చూడండి, చాలు. అక్కడి ప్రవాహం దీవి నుంచి నేరుగా బయటికి లాగుతుంది, దక్షిణాన వేల కిలోమీటర్లు నీళ్ళే. ఆకుపచ్చ ఇసుక ఉన్న పాపకోలేయాకి అద్దె కారు తీసుకెళ్ళకండి, నడిచే వెళ్ళండి. ఇసుక గానీ రాళ్ళు గానీ తెచ్చుకోవడం నేరం. నల్ల ఇసుక తీరం పునలూలో తాబేళ్ళకి మూడు మీటర్ల దూరంలో ఉండాలి. పిల్లలు నీళ్ళలో ఆడాలంటే లైఫ్‌గార్డ్ ఉన్నచోటే ఆడనివ్వండి. హిలోలో రిచర్డ్‌సన్, కోనా వైపు కహలూ అలాంటివే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి బీపీ గానీ గుండె జబ్బు గానీ ఉంటే, విమానం దిగిన మర్నాడే స్నార్కెలింగ్ చేయించకండి. ఆస్తమా ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్ జేబులోనే పెట్టుకోవాలి, అగ్నిపర్వతం పొగ గాలివాటుని బట్టి ఎటైనా తిరుగుతుంది.

చివరిగా సునామీ. 1975 నవంబర్ 29 తెల్లవారకముందు ఈ దీవి దక్షిణ తీరంలో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. హలాపే తీరంలో టెంట్లు వేసుకున్నవాళ్ళ మీదికి నిమిషాల్లోనే నీళ్ళు వచ్చాయి, ఇద్దరు చనిపోయారు. అక్కడి నేల మూడు మీటర్లకు పైగా కుంగి, కొబ్బరి చెట్లు నీళ్ళలో మిగిలాయి. అంత దగ్గర పుట్టిన సునామీకి సైరన్ మోగే వ్యవధి ఉండదు. నిలబడలేనంతగా నేల ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గినా వెంటనే ఎత్తుకి వెళ్ళిపోండి. దూరం నుంచి వచ్చేవాటికి సైరన్ మోగుతుంది. ప్రతి నెలా మొదటి పనిదినం ఉదయం 11:45కి దాన్ని పరీక్షిస్తారు, ఆ రోజు వింటే కంగారు పడక్కర్లేదు. ఇంకెప్పుడు మోగినా సామాను అక్కడే వదిలేసి పైకి నడవండి, రేడియో పైకి వెళ్ళాక వినొచ్చు.