మొక్కల మందుల పరిశోధన చదవడం, 4వ పాఠం: మింగిందంతా రక్తంలోకి రాదు

పోయిన పాఠం చివర్లో ఇచ్చిన ప్రశ్న: పెట్రీ డిష్‌లో క్యాన్సర్ కణాల మీద పసుపులోని కర్క్యుమిన్ ఐసీ50 (కణాల పెరుగుదలను సగానికి తగ్గించే గాఢత) 20 మైక్రోమోలార్ (లీటరుకు మోల్‌లో పదిలక్షో వంతు చొప్పున 20) అయితే, 2 గ్రాములు మింగినవారి రక్తం ఆ స్థాయికి చేరుతుందా?

ఎక్కువమంది ఇలా కట్టారు: 2 గ్రాములను అణుభారం 368తో భాగిస్తే 5.4 మిల్లీమోల్‌లు. 5 లీటర్ల రక్తంలో అది సుమారు 1,080 మైక్రోమోలార్. కావలసినదానికి 50 రెట్లకు పైనే! భాగహారం సరిగ్గానే ఉంది, కానీ మింగిన మోతాదును రక్తంతో భాగించకూడదు. ఈ పొరపాటు సరిచేయకుండా ముందుకెళ్తే లాభం లేదు కాబట్టి, ఈసారి చెప్పాల్సిన ఇన్‌ఫ్లమేషన్ (వాపు) పాఠం వచ్చేసారికి.

కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, చాలావరకు మలంతోనే పోతుంది. పేగు గోడ దాటిన కాస్తకూ ఆ గోడలోనే, ఆపైన కాలేయంలో గ్లూకురోనైడ్, సల్ఫేట్ అనే రసాయన గుంపులు తగులుకుంటాయి. అలా మారినది వేరే పదార్థం. డిష్‌లో పోసింది మాత్రం మారని కర్క్యుమిన్.

కాబట్టి రక్తంలో కొలిచిన అంకెనే వెతకండి. 2001లో వచ్చిన తొలిదశ ప్రయోగంలో రోజుకు 8 గ్రాములిస్తే గరిష్ఠ స్థాయి సగటున 1.77 మైక్రోమోలార్. 20కి పదకొండో వంతు.

మైక్రోగ్రాములు/మి.లీ. కనిపిస్తే 1000తో గుణించి అణుభారంతో భాగించండి. కర్క్యుమిన్‌కైతే నేరుగా 2.7తో గుణిస్తే చాలు, నేను అలాగే చేస్తాను.

ఇక "పైపెరిన్‌తో 2000 శాతం" అన్న మాట, అంటే మిరియాల్లోని పైపెరిన్ చేరిస్తే కర్క్యుమిన్ రక్తంలోకి అంత ఎక్కువగా చేరుతుందని. దీన్ని అంకె లేకుండా ఎత్తిచూపడం నాకు అస్సలు నచ్చదు. 1998 ప్రయోగంలో 2 గ్రాముల కర్క్యుమిన్ ఒక్కటే ఇస్తే రక్తంలో దాని జాడే సరిగా అందలేదు. 20 మి.గ్రా. పైపెరిన్ చేరిస్తే గరిష్ఠం దాదాపు 0.18 మైక్రోగ్రాములు/మి.లీ. 2.7తో గుణించండి: 0.49 మైక్రోమోలార్. అన్ని రెట్లు పెరిగినా 20కి నలభయ్యో వంతే. పైగా పైపెరిన్ అడ్డుకునే ఎంజైముల్లో కొన్ని కీమో మందులనూ విరగ్గొడతాయి. చికిత్సలో ఉన్నవారు ఆంకాలజిస్టుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు.

పద్ధతుల విభాగంలో రక్త నమూనాకు గ్లూకురోనిడేస్ (తగులుకున్న గ్లూకురోనైడ్‌ను ఊడదీసే ఎంజైము) కలిపారేమో చూడండి. కలిపితే ఆ అంకెలో మారిన రూపాలూ చేరి ఉంటాయి, డిష్ అంకెతో పోల్చకండి. పెద్దపేగు సంగతి వేరు: దాని లోపలి పొరకు కర్క్యుమిన్ రక్తంతో పనిలేకుండా నేరుగా తగులుతుంది. ఆ ప్రయోగాల్లో కణజాలపు కొలత చూడండి.

అభ్యాసం. యూ చెట్టు బెరడులో దొరికిన కీమో మందు ప్యాక్లిటాక్సెల్ అణుభారం 854. చదరపు మీటరుకు 175 మి.గ్రా. చొప్పున 3 గంటలపాటు నరంలోకి ఎక్కిస్తే గరిష్ఠం 3,650 నానోగ్రాములు/మి.లీ. డిష్‌లో ఐసీ50 5 నానోమోలార్ (నానోమోలార్ అంటే మైక్రోమోలార్‌లో వెయ్యో వంతు) అనుకోండి. ఎన్ని రెట్లు? ఆ తర్వాత 98 శాతం రక్తంలోని ప్రోటీన్లకు అతుక్కుపోయిందనుకుని, మిగిలిన 2 శాతంతో మళ్లీ కట్టండి. కర్క్యుమిన్‌కు ఎదురైన అడ్డంకుల్లో ఏవి దీనికి రాలేదో కూడా రాయండి. నానోగ్రాములను మైక్రోగ్రాములుగా మార్చాకే మొదలుపెట్టండి.